మన ఉత్సవానికి అంబులెన్సు ఉంది, మరి రెండోది ఎందుకొచ్చింది?



కిందటేడు కల్యాణోత్సవం నాడు జరిగింది మీలో చాలామంది కళ్లారా చూశారు. తలంబ్రాలు అయిపోయి జనం ప్రసాదాల వరుసలోకి మళ్లుతున్న వేళ, ఒక పెద్దాయన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని గోడవారగా కూలబడ్డారు. ఒళ్లంతా చెమటలు. పార్కింగులో మనం రోజు కిరాయికి మాట్లాడుకున్న అంబులెన్సు సిద్ధంగానే ఉంది. అందులోని ఇద్దరూ సంచీ, ఆక్సిజన్ సిలిండరు, ఏఈడీ పట్టుకుని రెండు నిమిషాల్లో లోపలికొచ్చారు. నాడి చూశారు, బీపీ చూశారు, ఆస్పిరిన్ నమిలించారు. ఆ తరవాత వాళ్లే 911కి ఫోన్ చేశారు. కాసేపటికి నగర ఫైర్ డిపార్ట్‌మెంట్ అంబులెన్సు వచ్చింది. అందులోంచి దిగినవాళ్లు అక్కడికక్కడే ఈసీజీ తీసి, చదివి, ఆసుపత్రికి ముందే కబురు పెట్టి, చేతికి ఐవీ పెట్టి తీసుకెళ్లారు. పెద్దాయనకు ఆ సాయంత్రమే స్టెంటు వేశారు. ఉగాదికి వచ్చి పంచాంగ శ్రవణం అంతా కూర్చుని విన్నారు కూడా.

అంతా బాగానే ముగిసింది. కానీ తరవాతి సర్వసభ్య సమావేశంలో ఒక అమ్మగారు లేచి సూటిగా అడిగారు: "డబ్బు కట్టి తెచ్చుకున్న అంబులెన్సు గుమ్మంలో ఉండగా ఇంకో అంబులెన్సు కోసం ఎందుకు ఎదురుచూశాం?" భద్రతా వాలంటీర్ల బృందంలో ఉన్న మా దగ్గర అప్పుడు జవాబు లేదు. మాలో ఎక్కువమందిమి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. వైద్యులమూ కాదు, లాయర్లమూ కాదు. అందుకని కాగితాలు తీసి, టెక్సాస్ రాష్ట్ర నియమాలు చదివి, తెలిసినవాళ్లను అడిగి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాం.

ముందు మా తప్పు ఒప్పుకుంటాం. ఆ కంపెనీ కొటేషన్‌లో "ఎమ్ఐసీయూ" అనే మాట ఉంది. మొబైల్ ఇంటెన్సివ్ కేర్ యూనిట్ అని దాని అర్థం. ఐసీయూ అన్న మూడక్షరాలు కనిపించగానే మేము తృప్తిపడి, ధర చూసి, సంతకం పెట్టేశాం. ఆ మాటకు ముందు ఇంకో మాట ఉంది, అది చదవలేదు: "ఎమ్ఐసీయూ సామర్థ్యం గల బీఎల్ఎస్". ఈ ఒక్క మాట విప్పితే ఆ అమ్మగారి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. కానీ దాన్ని విప్పాలంటే ఇక్కడి అంబులెన్సు వ్యవస్థ ఎలా కట్టి ఉందో కొంచెం చెప్పాలి.

108 లెక్కతో చూడకూడదు

మన మనసులో అంబులెన్సు అంటే 108. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఈఎమ్ఆర్ఐ పేరుతో మొదలై, తరవాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా పాకిన సేవ అది. ఒకటే నంబరు, బండి లోపల ఒక ఈఎమ్‌టీ, ముందు పైలట్ అని పిలిచే డ్రైవరు. బిల్లు ఉండదు. మన అమ్మానాన్నలు ఇక్కడికి వచ్చినప్పుడు 911 అంటే అమెరికా 108 అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం.

911 అన్నది ఫోను నంబరే గాని అంబులెన్సు సంస్థ కాదు. మీరు ఏ ఊళ్లో నిలబడి ఫోన్ చేశారన్నదాన్ని బట్టి ఎవరి బండి రావాలో తేలుతుంది. డాలస్‌లో, హ్యూస్టన్‌లో అయితే నగర ఫైర్ డిపార్ట్‌మెంటు బండి వస్తుంది. ఆస్టిన్ నగరం, ట్రావిస్ కౌంటీలలో అగ్నిమాపక శాఖతో సంబంధం లేని ప్రత్యేక విభాగం ఒకటి ఈ పని చేస్తుంది. ఫోర్ట్‌వర్త్‌లో చాలా ఏళ్లు మెడ్‌స్టార్ అనే ఉమ్మడి సంస్థ నడిపి, 2025 జూలైలో ఆ పని నగర ఫైర్ డిపార్ట్‌మెంటు చేతికి వెళ్లింది. కొన్ని కౌంటీలు ప్రైవేటు కంపెనీతో ఒప్పందం చేసుకుంటాయి. కొన్ని చిన్న ఊళ్లలో నడిపేది వాలంటీర్లే. వీళ్లందరికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే, రాష్ట్రం ఇచ్చే లైసెన్సు. నగరానిదైనా, కంపెనీదైనా, వాలంటీర్లదైనా అది లేకుండా అంబులెన్సు నడపకూడదు.

ఈ లైసెన్సుల సంగతి మరీ పాతదేమీ కాదు. 1960ల మధ్య వరకూ ఈ దేశంలో దాదాపు సగం అంబులెన్సులు అంత్యక్రియలు చేయించే సంస్థలవే. కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్లగల పొడవైన బండి వాళ్ల దగ్గరే ఉండేది. అందులో వైద్యం తెలిసినవాళ్లు ఉండాలన్న నియమం చాలాచోట్ల లేదు. 1966లో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వాళ్లు రోడ్డు ప్రమాద మరణాల మీద ఒక నివేదిక ఇచ్చాకే కదలిక వచ్చింది. ఆ మరుసటేడు పిట్స్‌బర్గ్‌లో ఫ్రీడమ్ హౌస్ అనే సేవ మొదలైంది. పిట్స్‌బర్గ్ అంటే మనకు పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడే గుర్తొస్తుంది గాని, అదే నగరంలోని హిల్ డిస్ట్రిక్ట్‌లో, పనీపాటా దొరకక తిరుగుతున్న నల్లజాతి యువకులకు డాక్టర్ పీటర్ సఫార్ నెలల తరబడి శిక్షణ ఇచ్చి, దేశంలోకెల్లా మొదటి పారామెడిక్ బృందాల్లో ఒకదాన్ని తయారుచేశారు. సీపీఆర్‌ను నేటి రూపానికి తెచ్చినవాళ్లలో ఆయన ఒకరు. 1975లో నగరం తన సొంత సేవ పెట్టుకుని ఫ్రీడమ్ హౌస్‌ను మూసేసింది. ఆ కథ విడిగా రాయాల్సినంత ఉంది, ఇక్కడ ఇంతటితో ఆపుతాం.

లైసెన్సు ఒకటి కాదు

టెక్సాస్‌లో ఈ వ్యవహారమంతా ఆస్టిన్‌లోని రాష్ట్ర ఆరోగ్య సేవల శాఖ చూస్తుంది. అందరూ డీఎస్‌హెచ్‌ఎస్ అంటారు. చట్టం హెల్త్ అండ్ సేఫ్టీ కోడ్‌లో 773వ అధ్యాయం. అంబులెన్సుకు లైసెన్సు ఉందా అని అడిగితే ఎవరైనా ఉంది అనే చెబుతారు. అది అబద్ధం కూడా కాదు. అయితే ఆ ఒక్క మాట కింద సంస్థ, బండి, మనుషులు, డాక్టరు అని నాలుగు వేర్వేరు సంగతులున్నాయి. మేము దెబ్బతిన్నది ఇక్కడే.

మొదట సంస్థ. దానికి ప్రొవైడర్ లైసెన్సు ఇస్తారు, రెండేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ప్రైవేటు కంపెనీ కొత్తగా పెట్టాలంటే ఇప్పుడు అంత తేలిక కాదు. బ్యాంకు నుంచి లక్ష డాలర్ల లెటర్ ఆఫ్ క్రెడిట్ చూపించాలి, ఏళ్లు గడిచేకొద్దీ ఆ మొత్తం తగ్గుతూ వస్తుంది. బాధ్యత వహించే నిర్వాహకుడు ఒకరు పేరుతో సహా ఉండాలి, ఆయన నేరచరిత్ర పరిశీలిస్తారు. బండికీ, వైద్యంలో పొరపాట్లకూ బీమా ఉండాలి. వీటన్నిటికీ తోడు, కంపెనీ పెట్టబోయే నగరం గాని కౌంటీ గాని "ఈ కొత్త సంస్థ వల్ల ఇప్పుడున్న సేవలకు ఇబ్బంది లేదు" అని అనుమతి పత్రం ఇవ్వాలి.

ఇన్ని కట్టుబాట్లు ఎందుకొచ్చాయంటే దాని వెనక హ్యూస్టన్ ఉంది. 2010 తరవాతి తొలి ఏళ్లలో హ్యూస్టన్ చుట్టుపక్కల అంబులెన్సు కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. నడవగలిగిన డయాలసిస్ రోగులను కూడా స్ట్రెచర్ మీద తీసుకెళ్లినట్టు రాసి మెడికేర్‌కు బిల్లులు పంపినవి వాటిలో చాలా ఉన్నాయి. 2013 జూలైలో కేంద్ర మెడికేర్ విభాగం ఆ ప్రాంతంలో కొత్త అంబులెన్సు కంపెనీల నమోదునే ఆపేసింది. అదే ఏడు టెక్సాస్ శాసనసభ పైన చెప్పిన షరతులతో చట్టం చేసి, ఒక ఏడాదిపాటు కొత్త లైసెన్సులు కూడా నిలిపేసింది. కొందరు చేసిన మోసానికి పర్యవసానంగా పుట్టిన నియమాలివి. కాబట్టి సంస్థ లైసెన్సు ఉందంటే ఆ కంపెనీకి ఒక చిరునామా, పూచీ, బాధ్యుడు ఉన్నారని అర్థం. ఇవాళ మీ ముందు ఆగిన బండిలో ఎవరున్నారన్నది ఆ లైసెన్సు చెప్పదు.

రెండోది బండి. ప్రతి బండికీ ఒక స్థాయి రాసి ఇస్తారు. బేసిక్ లైఫ్ సపోర్ట్ అంటే బీఎల్ఎస్, దానిపైన అడ్వాన్స్‌డ్ అంటే ఏఎల్ఎస్, ఆపైన మనం మురిసిపోయిన ఎమ్ఐసీయూ. వీటి మధ్య కలగలుపు స్థాయిలు కూడా ఉన్నాయి. "ఎమ్ఐసీయూ సామర్థ్యం గల బీఎల్ఎస్" అలాంటిదే. ఆ బండిని ఎమ్ఐసీయూగా నడపడానికి అనుమతి ఉంది. కానీ తగిన మనుషులు, తగిన సామగ్రి లోపల ఉన్నప్పుడే అది ఎమ్ఐసీయూ. మిగతా వేళల్లో అది బీఎల్ఎస్ బండే. ఫోను డబ్బా మీద 5జీ అని ఉన్నా, లోపల వేసుకున్న సిమ్ 4జీది అయితే వచ్చేది 4జీయే కదా, అలాగన్నమాట. ఆ రోజు మన పార్కింగులో ఉన్న బండి డబ్బా 5జీది, సిమ్ 4జీది. కంపెనీ నియమం తప్పలేదు. కొటేషన్‌లో ఉన్నది ఉన్నట్టే రాశారు. పారామెడిక్ రారు అని మాత్రం ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు, మేమూ అడగలేదు.

మూడోది మనుషులు, అసలు తేడా అంతా ఇక్కడే. టెక్సాస్‌లో అన్నిటికన్నా కింది మెట్టు ఎమర్జెన్సీ కేర్ అటెండెంట్. ఆ పైన ఈఎమ్‌టీ, ఆపైన అడ్వాన్స్‌డ్ ఈఎమ్‌టీ, అందరికన్నా పైన పారామెడిక్. ఈఎమ్‌టీ శిక్షణ 150 గంటల స్థాయిది అయితే పారామెడిక్‌ది వెయ్యి గంటల స్థాయిది, ఆసుపత్రిలోనూ అంబులెన్సులోనూ చేసే సాధన దానిలో భాగం. ఈఎమ్‌టీ నుంచి పైవాళ్లందరూ జాతీయ పరీక్ష ఒకటి దాటి రావాలి. రాష్ట్రం ఇచ్చే సర్టిఫికెట్టు నాలుగేళ్లు చెల్లుతుంది. ఎమ్ఐసీయూగా నడవాలంటే బండిలో కనీసం ఒక పారామెడిక్, ఒక ఈఎమ్‌టీ ఉండాలి. బీఎల్ఎస్‌గా నడవడానికి మొదటి మెట్టు అటెండెంట్లు ఇద్దరున్నా నియమం ఒప్పుకుంటుంది. ఒక్క సంగతి మాత్రం మెచ్చుకోవాలి. ఇక్కడ డ్రైవరు కూడా ఆ ఇద్దరిలో ఒకరే కాబట్టి, స్టీరింగు పట్టినవాళ్లకూ వైద్య శిక్షణ ఉంటుంది.

సందర్భం వచ్చింది గనుక ఒక చిన్న తమాషా. టెక్సాస్‌లో "సర్టిఫైడ్ పారామెడిక్" అనీ "లైసెన్స్‌డ్ పారామెడిక్" అనీ ఇద్దరుంటారు. లైసెన్స్‌డ్ అంటే ఎక్కువ వైద్యం చేస్తారేమో అనుకున్నాం. కాదట. ఆ విద్యలో అసోసియేట్ డిగ్రీ గాని, ఏ విషయంలోనైనా బ్యాచిలర్స్ గాని ఉంటే ఆ పేరు వస్తుంది. అంటే మా బృందంలో ఎవరైనా రేపు పారామెడిక్ అయితే, మా ఇంజనీరింగు డిగ్రీ పుణ్యమా అని లైసెన్స్‌డ్ అనిపించుకోవచ్చు. రోగి దగ్గర ఇద్దరూ చేసే పని ఒకటే.

నాలుగోది డాక్టరు. బండిలో కనిపించని మనిషి, కానీ మాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించిన సంగతి ఇదే. టెక్సాస్‌లో ఈఎమ్‌టీ ఏం చేయవచ్చు, పారామెడిక్ ఏం చేయవచ్చు అని రాష్ట్రమంతటికీ వర్తించే ఒకే జాబితా లేదు. ప్రతి సంస్థకూ ఒక మెడికల్ డైరెక్టర్ ఉండాలి, ఆయన టెక్సాస్‌లో లైసెన్సున్న డాక్టరై ఉండాలి. బండిలోని వాళ్లు చేసే వైద్యమంతా ఆయన తన అధికారంలోంచి వాళ్లకు అప్పగించినదే. ఏ మందు ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి, ఎప్పుడు ఫోన్ చేసి అడగాలి అన్నది ఆయన సంతకం చేసిన ప్రోటోకాల్ పుస్తకంలో ఉంటుంది. బండిలో ఏ సామగ్రి ఉండాలో ఆ జాబితాకూ ఆయన ఆమోదం కావాలి. అందుకే ఒకే బ్యాడ్జి ఉన్న ఇద్దరు పారామెడిక్‌లు పక్కపక్క ఊళ్లలో వేర్వేరు పనులు చేయగలుగుతారు. ఒక ఊరి నియమం పక్క ఊళ్లో చెల్లదు. ఉద్యోగంలో లేని రోజు, సొంత బట్టల్లో గుడికి వచ్చిన పారామెడిక్ భక్తుడికి కూడా ఆ మందుల పెట్టె అధికారం ఉండదు. ఆ రోజు ఆయన సీపీఆర్ బాగా తెలిసిన మంచి మనిషి, అంతే. అదేమీ తక్కువ కాదనుకోండి.

ఇక ఆ సాయంత్రానికి వద్దాం. వచ్చిన ఇద్దరూ ఈఎమ్‌టీలు. వాళ్లకు అప్పగించిన పని వాళ్లు చక్కగా చేశారు: గుర్తించారు, ఆస్పిరిన్ ఇచ్చారు, గుండె ఆగితే వెంటనే షాక్ ఇవ్వడానికి ఏఈడీ పక్కనే పెట్టుకున్నారు, తమకు మించిన కేసు అని తెలుసుకుని ఆలస్యం చేయకుండా 911కి చెప్పారు. ఈసీజీ చూసి ఇది ఫలానా రకం గుండెపోటు అని తేల్చడం, ఆసుపత్రిలో రక్తనాళం తెరిచే బృందాన్ని ముందే సిద్ధం చేయించడం, నరంలోకి మందులివ్వడం, దారిలో గుండె లయ తప్పితే సరిచేయడం పారామెడిక్‌ల పని. అది చేయగలిగింది రెండో బండి. అందుకే అది వచ్చింది.

"మన బండిలోనే ఎక్కించి ఆసుపత్రికి పరుగెత్తించొచ్చుగా" అని కొందరు అడిగారు. దానికి ఇంకో పొర ఉంది. రాష్ట్ర లైసెన్సు చాలదన్నట్టు చాలా నగరాలకు సొంత ఆర్డినెన్సులున్నాయి. మా ఊరి హద్దుల్లో ప్రైవేటు అంబులెన్సు పనిచేయాలంటే మా పర్మిట్ తీసుకోవాలనీ, అత్యవసర కేసులు మా 911 బళ్లే తీసుకెళ్తాయనీ వాటిలో ఉంటుంది. స్టాండ్‌బై బండి మొదటి సాయం చేసి నగరం వాళ్లకు అప్పగించడం మామూలు పద్ధతి. అదీగాక, ఆ ఒక్క బండీ వెళ్లిపోతే వెయ్యిమంది ఉన్న మండపానికి ఏ బండీ మిగలదు.

ఇంట్లో పెద్దవాళ్లున్నవారికి

పండగలు ఏడాదికి నాలుగు. ఇంట్లో అవసరం ఎప్పుడైనా రావచ్చు. ఈ చదువుడులో మాకు తెలిసి, మా సొంత ఇళ్లలో వెంటనే పనికొచ్చినవి కొన్ని చెబుతాం.

ఆసుపత్రి నుంచి ఇంటికో, ఇంటి నుంచి డయాలసిస్‌కో తీసుకెళ్లే బళ్లు చాలా రకాలు. వీల్‌చైర్ వ్యాను వేరు, అంబులెన్సు వేరు. టెక్సాస్ చట్టం ఒక గీత స్పష్టంగా గీసింది: మనిషిని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి తీసుకెళ్లాలంటే ఆ సంస్థకు ఈఎమ్ఎస్ ప్రొవైడర్ లైసెన్సు ఉండి తీరాలి. "మా వ్యానులో స్ట్రెచర్ కూడా ఉంది, అంబులెన్సుకన్నా చవక" అని ఎవరైనా అంటే ముందు లైసెన్సు నంబరు అడగండి. అంబులెన్సు రెండు పక్కలా సంస్థ పేరు, లైసెన్సు నంబరు కనిపించేలా రాసి ఉండాలి. డీఎస్‌హెచ్‌ఎస్ వెబ్‌సైటులో ఆ పేరు కొడితే లైసెన్సు అమల్లో ఉందో లేదో ఎవరైనా చూడొచ్చు. అయిదు నిమిషాల పని. ఫిర్యాదు ఉంటే అదే శాఖకు పంపవచ్చు.

అలాగే, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లే పెద్దవాళ్ల దగ్గరికి వచ్చి "ఉచితంగా తీసుకెళ్తాం, మెడికేర్ కార్డు నంబరు చెప్పండి" అనేవాళ్లుంటే జాగ్రత్త. వేరే ఏ వాహనంలో వెళ్లినా ఆరోగ్యానికి ప్రమాదం అన్న పరిస్థితి ఉంటేనే మెడికేర్ ఇలాంటి అంబులెన్సు ప్రయాణానికి డబ్బిస్తుంది. నడిచి కారెక్కగలిగిన మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్లినట్టు రాస్తే అది మోసం. హ్యూస్టన్‌లో జరిగింది అదే.

ఇక బిల్లు. అమ్మానాన్నలు అంబులెన్సు వద్దనడానికి అసలు కారణం ఇదేనని మనందరికీ తెలుసు. "నాకేం లేదురా, గ్యాస్. కారులో పోదాం పద" అంటారు. మా బృందంలో ఒకరింట్లో సరిగ్గా ఇదే మాట అని, కారులో బయల్దేరి, హైవే మధ్యలో బండి పక్కకి ఆపి 911కి ఫోన్ చేయాల్సి వచ్చింది. ఆయనా బతికి బట్టకట్టారు గాని, ఆ పదిహేను నిమిషాలు వెనక సీట్లో సీపీఆర్ చేసే వీలైనా లేదు. అంబులెన్సు వచ్చాక ముందు ఇన్సూరెన్సు చూపించమని ఎవరూ అడగరు. వైద్యం మొదలవుతుంది, కాగితాలు తరవాత. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లు ఒంటరిగా ఉన్నా ఫోనులో "తెలుగు" అన్న ఒక్క మాట చెప్పడం నేర్పించండి. చాలా 911 కేంద్రాలు దుభాషిని లైనులోకి తీసుకోగలవు.

అయితే బిల్లు రాదని మాత్రం చెప్పం. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన నో సర్‌ప్రైజెస్ చట్టం ఎయిర్ అంబులెన్సులకు వర్తిస్తుంది, రోడ్డు మీద వెళ్లే అంబులెన్సులను మాత్రం వదిలేసింది. మనల్ని తీసుకెళ్లేది ఎక్కువగా రోడ్డు అంబులెన్సులే. ఆ లోటు పూడ్చడానికి టెక్సాస్ 2023లో సొంత చట్టం చేసింది, 2024 జనవరి 1 నుంచి అమలు. నెట్‌వర్కులో లేని అంబులెన్సు అయినా కోపే, డిడక్టిబుల్ మించి రోగి దగ్గర వసూలు చేయకూడదు. గడువు పెట్టి చేసిన చట్టం గనుక అది కొనసాగుతోందా అన్నది అప్పుడప్పుడు చూసుకోవాలి. ఇందులో ఇంకో మెలిక ఉంది. రాష్ట్రం నియంత్రణలో ఉన్న ప్లాన్లకే అది వర్తిస్తుంది. పెద్ద కంపెనీలు తమ ఉద్యోగులకు సొంత డబ్బుతో నడిపే సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్లు దాని కిందికి రావు. మనలో పెద్ద టెక్ కంపెనీల్లో పనిచేసేవాళ్లలో చాలామందివి అవే. తేల్చుకోవడం ఎలాగంటే, ఇన్సూరెన్సు కార్డు తీసి చూడండి. "టీడీఐ" అనో "డీఓఐ" అనో ఇంగ్లీషు అక్షరాలుంటే రాష్ట్రం కిందిది. లేకపోతే హెచ్‌ఆర్‌ను అడగండి. మా బృందంలో ఏడుగురం కార్డులు తీస్తే ఇద్దరి కార్డు మీదే ఆ అక్షరాలున్నాయి.

విజిటర్ ఇన్సూరెన్సు మీద వచ్చిన అమ్మానాన్నల సంగతి పాలసీ పాలసీకీ మారుతుంది. అంబులెన్సుకు ఎంతవరకు ఇస్తారు, పాత జబ్బు వల్ల పిలిస్తే ఇస్తారా అన్న రెండు ప్రశ్నలు కొనేటప్పుడే అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. బిల్లు వచ్చినా కంగారుపడి ఆ రోజే కట్టేయకండి. ముందు ఇన్సూరెన్సుకు పంపారా లేదా చూడండి. నగర విభాగాల్లో చాలావాటికి వాయిదాల పద్ధతి, ఆదాయాన్ని బట్టి తగ్గింపు ఉంటాయి, అడిగితే ఇస్తారు.

ఈ ఏడు చేసిన మార్పులు

వచ్చే బ్రహ్మోత్సవాలకు మూడు సంస్థల నుంచి కొటేషన్లు తీసుకున్నాం. ఈసారి ధరకన్నా ముందు అడిగిన ప్రశ్నలు ఇవి: మీ లైసెన్సు నంబరు ఎంత, మా నగరం పర్మిట్ ఉందా, మీ మెడికల్ డైరెక్టర్ ఎవరు, ఏ గంట నుంచి ఏ గంట వరకు బండిలో పారామెడిక్ ఉంటారు, రోగిని నగరం వాళ్లకు అప్పగిస్తారా, మీరే తీసుకెళ్తారా, తీసుకెళ్తే బదులు బండి ఎంతసేపట్లో వస్తుంది. ఒక సంస్థ రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. ఇంకొకరు అన్నిటికీ జవాబిచ్చి, "గుళ్లవాళ్లు ఇవన్నీ అడగడం ఇదే మొదటిసారి" అని నవ్వారు. వాళ్లకే ఇచ్చాం. ఒప్పందంలో సామర్థ్యం అన్న మాట కొట్టేసి, "కార్యక్రమం జరిగినంతసేపూ కనీసం ఒక పారామెడిక్, ఒక ఈఎమ్‌టీ" అని రాయించాం. ఖర్చు కిందటేటికన్నా ఎక్కువే. కార్యవర్గంలో దీనిమీద కాస్త వాదన జరిగింది, ఒకరు పూల అలంకరణ బడ్జెట్టు చూపించి ముగించారు.

ఆ రోజు నగరం బండి మొదట వెనక గేటు దగ్గరికి వెళ్లి తిరిగొచ్చిందని కూడా తరవాత తెలిసింది. మ్యాపులో మన చిరునామా అక్కడ చూపిస్తోంది. ఫైర్ డిపార్ట్‌మెంటు వాళ్లతో మాట్లాడి సరిచేయించాం. అయినా ఎవరు ఫోన్ చేసినా "రాజగోపురం వైపు గేటు" అనుకోకుండా, వీధి పేరు చెప్పండి, వాళ్లకు రాజగోపురం తెలియదు. ఇద్దరు వాలంటీర్లు ఆ గేటు దగ్గర నిలబడి బండిని లోపలికి తీసుకొస్తారు. గుడి ఏఈడీ చెప్పుల గది పక్క గోడకున్న ఎర్ర పెట్టెలో ఉంది, తాళం లేదు. సీపీఆర్ తరగతి వచ్చే నెల రెండో శనివారం అభిషేకం తరవాత కింది హాల్లో. పేర్లు ఆఫీసు కిటికీ దగ్గరున్న పుస్తకంలో రాయండి. పన్నెండేళ్లు దాటిన పిల్లలు కూడా రావచ్చు.